తోమిన కుంపటి

పురుగుమందు కొట్టే ఆ పంపు మూత తీసి వాసన చూడమని నన్నెవరూ అడగలేదు. తెలిసిన విద్య కదా అని నేనే చూశాను.

"మోనో," అన్నాను. "కొట్టి రెండ్రోజులు కూడా కాలేదు."

నేను మూత బిగించేలోపే సి.ఐ. చైతన్యకృష్ణ చెయ్యి తోటమాలి ఇమ్మానియేలు చెంప మీద పడింది. పది రోజులుగా పంపు ముట్టుకోలేదని అంతకుముందే అతను చెప్పి ఉన్నాడు. అది అబద్ధమని నా ముక్కు తేల్చేసింది. పనిముట్ల కొట్టం గుమ్మంలో అతని భార్య ఎలీసమ్మ నిలబడి ఉంది. ఆ దెబ్బ ఆమె చూసింది. దెబ్బ కంటే ముందు నా మాట కూడా వింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఉదయం మా వ్యవసాయ శాఖ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, భర్తను పోలీసులు పట్టుకున్నారని ఏడుస్తున్న మనిషిని, "పేరయ్యని నేనున్నాను, పదమ్మా" అని స్కూటరెక్కించి తీసుకొచ్చాను. ఆ మనిషే ఈ ఎలీసమ్మ. గుంటూరులో ఇంతమంది ప్లీడర్లు ఉండగా వెతుక్కుని నా దగ్గరికి వచ్చింది. వచ్చిన పావుగంటలో ఆమె మొగుడి చేతికి బేడీలు నేనే వేయించాను.

కేసు చూడటానికి తేలిగ్గానే ఉంది. దొరతోట సూపరింటెండెంటు డాక్టర్ శివరామకృష్ణ గారు తెల్లవారేసరికి అద్దాల ఇంట్లో తలుపు పక్కనే చనిపోయి కనిపించారు. చూసింది ఇమ్మానియేలే. అద్దాల ఇల్లంటే మొక్కల కోసం కట్టిన గాజు మేడ. పత్తి మీద ప్రయోగాలకని ఒక దొర ఈ తోట వేసినప్పుడు దాని ఇనుప చట్రాలు ఓడలో తెప్పించాడట. ఒంటి మీద దెబ్బ లేదు. నోట్లో నురగ. తలుపుకి బయట గడియ పెట్టి ఉంది.

మా వైపు నురగ అంటే మందే. పత్తి పోయిన ఏడల్లా ఎన్ని ఇళ్ళలో ఎన్ని మంచాల మీద చూశామో ఆ నురగని. ఇప్పుడు ఎక్కడ కనిపించినా కళ్ళు ముందు డబ్బా కోసం వెతుకుతాయి. డబ్బా దొరికితే ఇక ఇంకేమీ వెతకవు. నేను పదహారేళ్ళు పురుగుమందుల శాంపిళ్ళు తీసిన మనిషిని, కల్తీ మందు పట్టుకోవడంలో జిల్లాలో నాకు పేరుంది. అందరికీ ఉన్న జబ్బు నాకు రెండింతలుంది.

చైతన్యకృష్ణకి ఆనందం ఆగలేదు. వయసులో నాకంటే పాతికేళ్ళు చిన్న. పోయిన ఏడాది ఒక నకిలీ విత్తనాల కేసులో నేను చెప్పిందే నిజమై ఆయన చెప్పింది తప్పయినప్పటి నుంచి నన్ను చూస్తే ఒళ్ళు మంట. ఈసారి నేనే వెళ్ళి వడ్డించాను.

"మీరు రాకపోతే పంపు సంగతి నాకు తట్టేది కాదు పేరయ్యగారూ," అన్నాడు. "పంచనామాలో మీ సంతకం కూడా పెట్టండి. భోజనాలయ్యాక వీణ్ణి మేజిస్ట్రేటు ముందు పెడతా. సాయంత్రానికి సబ్‌జైల్లో ఉంటాడు."

కారణం కూడా ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. అద్దాల ఇంట్లో దొర కాలం నాటి ఆర్కిడ్ ఒకటి ఎన్నో ఏళ్ళ తర్వాత రెండు మొగ్గలు వేసింది. ఒకటి విచ్చింది. నక్షత్రం లాంటి తెల్లపువ్వు, కింద జానెడు తోక. పేపర్లో ఫొటో పడి జనం తండోపతండాలుగా వచ్చారు. రెండో మొగ్గ మర్నాటికి పసుపు తిరిగి రాలిపోయింది. నీళ్ళు ఎక్కువ పోశావని సూపరింటెండెంటు గారు అందరి ముందూ ఇమ్మానియేలుని తిట్టారు. ఆ కక్షతో నిన్న సాయంత్రం, ఆయన పువ్వు చూసుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు, మూసిన గదిలో మందు కొట్టి బయట గడియ పెట్టాడు. అదీ సి.ఐ. కథ.

ఎలీసమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "అంతేనా సార్," అని మాత్రం అడిగింది, డాక్టరు రిపోర్టు చదివాక అడిగినట్టు.

నాకు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు. అద్దాల ఇల్లు ఒకసారి చూస్తానని చైతన్యకృష్ణని అడిగాను. ఆయన నవ్వి, ఇంకేదైనా వాసన తగిలితే చెప్పమని పంపించాడు.

తలుపు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ రంజాన్ వరసగా తుమ్ముతున్నాడు. లోపలికెళ్ళిన ప్రతివాడికీ ఇదే తంతని, సి.ఐ. గారు మాత్రం మందు ప్రభావమన్నారని చెప్పాడు. నేను ముక్కుకి రుమాలు కట్టుకుని లోపలికి వెళ్ళాను. పై కిటికీలన్నీ తాళ్ళతో లాగి మూసి ఉన్నాయి. రాత్రిళ్ళు తేమ పోకుండా రోజూ సాయంత్రం మూస్తారట. మెట్లు మెట్లుగా బల్లలు, బల్లల మీద కుండీలు, ప్రతి కుండీకీ రేకు బిళ్ళ మీద పేరు.

మొదటి బల్ల దగ్గరే నా కాళ్ళు ఆగిపోయాయి. ఒక కుండీ అంచు మీద చీమలు బారు కట్టి పోతున్నాయి. దాని పక్క మొక్క లేత ఆకు తిప్పి చూస్తే అడుగున పేనుబంక దట్టంగా ఉంది. వేలితో కదిపితే కదిలింది. మూలన సాలీడు గూడు అల్లుకుంటోంది. మోనో కొట్టిన ఆకు మీద పేనుబంక మర్నాటిదాకా బతకదని ప్రత్తిపాడు వైపు ఏ రైతునడిగినా చెబుతాడు. ఈ గదిలో మందు కొట్టనే లేదు. ముందు ఇక్కడికొచ్చి ఒక ఆకు తిప్పి చూసి ఉంటే చాలు. చూడకుండా కొట్టంలో ముక్కు పెట్టాను. చెవులు వేడెక్కాయి. అక్కడ ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మరి తుమ్ములెందుకు? ఆర్కిడ్ ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళాను. పువ్వు అలాగే ఉంది. దాని ముందు చెక్క మీద మూడు నల్లని చుక్కలు, ముక్కోణంగా, లోతుగా కాలి ఉన్నాయి. నేల ఇటుకలు తడిగుడ్డతో తుడిచినట్టున్నాయి. ఆఫీసు వాళ్ళు తుడిచారా అంటే, ఇవాళ ఇక్కడ చీపురే పడలేదని రంజాన్ చెప్పాడు. తుడిచిన చెయ్యి ఇటుకల సందుల్లోకి మాత్రం పోలేదు. వేలు పెట్టి గీకాను. చెమట పట్టి అదే వేలితో కన్ను తుడుచుకున్నాను.

ఆ కన్ను ఇక తెరవలేకపోయాను. గుంటూరు వాడికి ఆ మంట ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

కుళాయి దగ్గర కన్ను కడుక్కుని వచ్చి పెన్ను మూతతో సందులన్నీ తవ్వాను. మాడిన మిరప గింజలు వచ్చాయి. రాళ్ళ ఉప్పు పలుకులు వచ్చాయి. తొడిమలు రెండు రకాలు. ఒకటి ముడతలు పడ్డ పొడుగు కాయది, బ్యాడిగి రకం. చూడటానికి ఎర్రగా భయపెడుతుంది కానీ కారం అంతంత మాత్రం, రంగు కోసమే వాడతారు. రెండోది చిటికెనవేలి గోరంత కాయది. అది ఎక్కడిదో వెతకనక్కర్లేకపోయింది. పక్క బల్ల మీద తోటలో పండించిన మిరప రకాలు పళ్ళేల్లో ఎండుతున్నాయి. అస్సాం అని రాసిన పళ్ళెం ఖాళీగా ఉంది. అక్కడి కొండల్లో పండే ఆ చిట్టికాయ ఒక్కటి పప్పులో వేస్తే కుండంతా పారబోయాల్సిందే.

ఉప్పు, మిరపకాయలు, నిప్పులు. దిష్టి తీశారు. మనిషికి కాదు, పువ్వుకి. రెండో మొగ్గ రాలిందని, జనం కళ్ళు పడ్డాయని, మొదటి పువ్వుకి గుప్పెడు మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశారు. మా ఇళ్ళలో దానికో లెక్కుంది. ఘాటొస్తే దిష్టి లేదన్నట్టు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు, ఇంకో గుప్పెడు వేయాలి. బ్యాడిగి కాయ వేస్తే ఘాటు ఎక్కడినుంచి వస్తుంది? వేసినవాళ్ళు భయపడ్డారు. చేతికందిన పళ్ళెం మొత్తం దిమ్మరించారు. కిటికీలు, తలుపు మూసిన గాజు గదిలో. శివరామకృష్ణ గారికి ఉబ్బసం. మిరప యార్డులోకి బళ్ళు వచ్చే రోజుల్లో ముఖానికి గుడ్డ కట్టుకుని తిరిగేవారని ఊరందరికీ తెలుసు.

సందేహం లేదు, ఆయన్ని చంపింది ఆ పొగే. ఊపిరాడక పోయినవాళ్ళ నోట్లోనూ నురగ వస్తుంది. అయితే నిప్పు పెట్టింది ఎవరు?

పంపు తీసుకుని జీపు దగ్గరికి నడిచాను. దాన్ని బోర్లించి అడుగు చూపించాను. అంటుకున్న మట్టి నల్లరేగడి. ఈ తోటలో ఎక్కడ తవ్వినా ఎర్రమట్టే, మొక్కల కోసం బళ్ళతో తోలించింది. "ఇమ్మానియేలూ, పంపు ఎక్కడికి పోయింది?" అన్నాను.

అతను తల ఎత్తకుండా చెప్పాడు. ప్రత్తిపాడులో బావమరిది జక్రయ్య మిరప తోటకి పురుగు పట్టింది, అతని పంపు పాడైంది. మొన్న సాయంత్రం అడిగితే ఇచ్చాడు. ఈ ఉదయం తోట తెరవకముందే జక్రయ్య సైకిలు మీద తెచ్చి గోడ మీదుగా అందించి పోయాడు.

"ఆ ముక్క ముందే చెబితే దెబ్బ తప్పేది కదయ్యా."

"కొట్టం తాళం సారు నాకొక్కడికే ఇచ్చారండి. మొన్న తిట్టినా తాళం వెనక్కి అడగలేదు. ఆయన అక్కడ అట్టా పడుంటే, మీ వస్తువు నేను బయటికిచ్చానని ఎట్టా చెప్పనండీ. సిగ్గేసింది."

ఎలీసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను చూసింది చూసినట్టు చైతన్యకృష్ణకి చెప్పాను, పేనుబంక దగ్గర్నుంచి తొడిమల దాకా. నేను తప్పు చెప్పానని, నా మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా అందరి ముందూ చెప్పాను. ఆయన సెల్లు తీసి ప్రత్తిపాడు స్టేషనుకి ఫోన్ చేసి కనుక్కోమన్నాడు. కాసేపటికి ఫోన్ మోగింది. పంపు నిన్న పొద్దుపోయేదాకా జక్రయ్య వీపు మీదే ఉందని పక్క చేలవాళ్ళు చెప్పారట. ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు.

"మిరపకాయ ఘాటుకి మనుషులు చస్తే గుంటూరులో ఒక్కడు మిగలడు పేరయ్యగారూ."

"ఉబ్బసం ఉన్నవాణ్ణి ఆ గదిలో పెట్టి చూడండి."

"సరే, మీ మాటే వేదం. పొగే అనుకుందాం. మరి బయట గడియ? పొగ పెట్టిందా?" అని సిబ్బంది వైపు తిరిగి, ఈ తోటలో దిష్టి అన్న మాట ఎవరి నోట వచ్చిందో చెప్పమన్నాడు.

అందరి చూపులూ గేటు వాచ్‌మన్ జాన్ బాషా మీదికి పోయాయి. అరవై దాటిన మనిషి. తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. మొగ్గ రాలిన రోజు, చూడటానికొచ్చిన జనం మధ్యలో నిలబడి, దిష్టి తగిలింది సార్ అన్నాడట. శివరామకృష్ణ గారు హేతువాద సంఘం జిల్లా నాయకుడు. దయ్యాల కొంపలని పేరుపడ్డ ఇళ్ళలో పడుకుని చూపించినవాడు, చీరాలలో నిప్పుల మీద నడిచి ఇది మహిమ కాదని ఉపన్యాసం ఇచ్చినవాడు. ఊరుకుంటారా? మొక్కకి కళ్ళ దిష్టి తగిలితే నీ కళ్ళకి గంతలు కట్టి గేటు కాయించాలయ్యా అన్నారట. జనం ఘొల్లున నవ్వారట.

"ఇంకేం కావాలి," అన్నాడు చైతన్యకృష్ణ. "సారు వద్దన్నా వినకుండా దొంగతనంగా నిప్పు పెట్టాడు. ఈలోగా సారు లోపలికొచ్చారు. దొరికిపోతానని వీడు గడియ పెట్టి పారిపోయాడు. ఇద్దర్నీ ఎక్కించండి. ఎవడు నిజం చెబితే రెండోవాణ్ణి వదుల్తా."

ఒక అమాయకుణ్ణి దింపబోయి ఇంకొకణ్ణి ఎక్కించాను. పొద్దుటి నుంచి నా తెలివితేటలు చేసిన మేలు అదీ. జాన్ బాషా గొడవ పడలేదు. టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకుని జీపెక్కాడు. అన్న మాట నిజమేనని, నిప్పు మాత్రం తాను పెట్టలేదని ఒక్కసారే చెప్పాడు.

జీపు చువ్వ పట్టుకుని నిన్న సాయంత్రం ఏం చూశావని అడిగాను. మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు చదువుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి దగ్గు తెర పట్టిందట. అక్కడే నిలబడి చాలాసేపు దగ్గాడట.

"మేడమ్ గారింట్లో పోపు మాడిందనుకున్నా సార్. ఆ ఇంట్లో ఘాటు పడదుగా, సారు కోసం కారంలేని కాయే తెప్పిస్తారు. ఇవాళ మేడమ్ గారికి చీవాట్లే అని నవ్వుకున్నా కూడా."

కారంలేని కాయ. ఆ మాట విని నేను జీపు వదిలేశాను. చైతన్యకృష్ణ వెనకనుంచి ఏదో అన్నాడు, వినిపించుకోలేదు. పావుగంట ఆగమని ఆయనకి ఎలీసమ్మతో చెప్పించి క్వార్టర్స్ వైపు నడిచాను.

సూపరింటెండెంటు గారి క్వార్టర్స్ తోటలోనే, అద్దాల ఇంటి వెనక క్రోటన్ల వరస దాటితే. వరండాలో సంఘం పెద్దలు నలుగురు కూర్చుని పత్రికలకి పంపాల్సిన సంతాపం రాస్తున్నారు. మూఢనమ్మకాల మీద ఊపిరున్నంత వరకూ పోరాడిన యోధుడు అని ఒకాయన పైకి చదివి వినిపించాడు. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.

శివరామకృష్ణ గారి భార్య సుబ్బరావమ్మ గారు వంటింట్లో పీట మీద ఒక్కతే కూర్చుని ఉన్నారు. శవం పెద్దాసుపత్రి నుంచి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పడం లేదన్నారు. మంచినీళ్ళు అడిగాను. లేచి గ్లాసుతో ఇచ్చారు, ఎడమ చేత్తో. కుడి చెయ్యి కొంగు లోపలే ఉంది. ఇంటికొచ్చిన మనిషికి ఎడమ చేత్తో నీళ్ళివ్వడం ఆ వయసు ఆడవాళ్ళు మర్చిపోయి కూడా చేయరు. గ్లాసు అందుకుంటూ గోడ అలమర వైపు చూశాను. సీసాలో ముడతల మిరపకాయలు, బ్యాడిగివి, సగానికి సగం ఖాళీ.

పెరటి తలుపు తీసే ఉంది. చూరు కింద ఇనప కుంపటి బోర్లించి ఉంది, మూడు కాళ్ళూ పైకి. తళతళ మెరుస్తోంది.

"వంకాయ కాల్చుకునేదా అమ్మా?" అన్నాను.

అవునన్నారు.

"కుంపటిని ఎవరైనా తోముతారా?"

బొగ్గులతో నల్లబడటమే దాని పని. మా అమ్మ గానీ మా ఆవిడ గానీ జన్మలో ఒక్కసారి కుంపటి తోమగా నేను చూడలేదు. సుబ్బరావమ్మ గారు కూడా చూసి ఉండరు. కొంగులోంచి కుడి చెయ్యి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అరచేయంతా బొబ్బలు.

ఆమే చెప్పుకుంటూ పోయారు. మొగ్గ రాలినప్పటి నుంచి ఆయనకి నిద్ర లేదట. రాత్రిళ్ళు లేచి కిటికీలోంచి అద్దాల ఇంటి వైపు చూసేవారట. నిన్న సాయంత్రం వంటింట్లోకి వచ్చి, ఆమె ముఖం చూడకుండా, కుంపట్లో నాలుగు నిప్పులు వేసిమ్మన్నారు. కాసిన్ని మిరపకాయలు కూడా అన్నారు. ఎందుకో ఆమెకి అర్థమైంది. కాపురానికొచ్చిన కొత్తలో పిల్లవాడికి దిష్టి తీస్తుంటే కుంపటి తన్నేసిన మనిషి.

"నాకు నవ్వొచ్చిందండి. ఆపుకోలేకపోయాను. ఆయన ముఖం ఇంతయిపోయింది. అందుకే కాబోలు, అద్దాల ఇంట్లోకెళ్ళి లోపల గడియ వేసుకున్నారు."

ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళారు. ఆయన తలుపు గడియైతే తీశారు గానీ గడప దాటలేక అక్కడే పడిపోయి ఉన్నారు. లోపల కుంపటి ఇంకా పొగలు కక్కుతోంది. ఆమె దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చేశారు. మళ్ళీ వెళ్ళి నేల తుడిచారు. తెల్లారితే జనం వస్తారు, పేపరు వాళ్ళు వస్తారు. ఇన్నేళ్ళు ఊరూరా తిరిగి చెప్పిన మనిషి పువ్వుకి దిష్టి తీస్తూ పోయాడని నవ్వుతారు. ఇక ఆయన పేరు ఎక్కడ పలికినా ముందు ఆ నవ్వే వస్తుంది. ఆ నవ్వు తను ఒకసారి నవ్వింది చాలనుకున్నారట.

"మరి బయట గడియ?"

"తోటలో కుక్కలు తిరుగుతాయండి," అన్నారు.

ఆ రాత్రంతా ఆమె కిటికీ దగ్గరే కూర్చున్నారు. గడియ వల్ల అది హత్య అవుతుందని ఆమెకి తట్టలేదు. తట్టేసరికి ఇమ్మానియేలుని పట్టుకున్నారు. రెండ్రోజుల్లో వదిలేస్తారులే అనుకున్నారు. ఆ మాట చెబుతూ ఆమె గొంతు బాగా తగ్గించారు. గుండెపోటని చెప్పి ఊరుకోకూడదా అని నన్నడిగారు.

నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. కాదని ఎందుకనాలి. పేరున్న మనిషి, మంచి మనిషి, ఒక సాయంత్రం తన పువ్వు కోసం భయపడ్డాడు. దాన్ని బజార్లో పెట్టి నేను బావుకునేదేముంది. అప్పుడే కిటికీలోంచి జీపు కనబడింది. జాన్ బాషా, ఇమ్మానియేలు మోకాళ్ళు ఒరుసుకుంటూ కూర్చున్నారు. చక్రం పక్కన నేల మీద ఎలీసమ్మ కూర్చుంది.

"నా తప్పుడు మాటకి ఒకరు ఎక్కారమ్మా, నా నిజం మాటకి ఇంకొకరు ఎక్కారు. వాళ్ళని దించే మాట నా దగ్గర లేదు. మీ దగ్గరే ఉంది."

ఆమె లేచారు. తర్వాత పెరట్లోకి వెళ్ళి కుంపటి తీసుకున్నారు. కొంగు చాటు చేయలేదు. చేతిలో పట్టుకుని వరండాలోంచి నడిచారు. రాస్తున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకాయన ఏమిటమ్మా ఇది అన్నాడు. ఆమె ఆగలేదు.

జీపు ముందు కుంపటి కింద పెట్టి, నాకు చెప్పిందంతా చైతన్యకృష్ణకి చెప్పారు. నవ్విన సంగతితో సహా. ఆయన సరిగా నిలబడి విన్నాడు, అది ఒప్పుకోవాలి. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. వెనక సంఘం పెద్దలు వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఒకాయన చేతిలో కాగితం నెమ్మదిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. చైతన్యకృష్ణ రంజాన్‌తో ఇమ్మానియేలు బేడీలు తీయించి, పెన్ను తీశాడు.

ఇక్కడితో ఆమెని వదిలేయాలనిపించింది నాకు. రాసుకోవడానికి వీలుగా నేనే అందించాను.

"అంటే మీరు వెళ్ళేసరికే ఆయన పోయారు. అంతే కదమ్మా?"

అవునంటే సరిపోయేది. ఎవరూ కాదనలేరు. ఆమె నా వైపు చూశారు, నేను ఎందుకలా అడిగానో తెలిసినట్టే చూశారు.

"లేదండి. ఊపిరుంది. ఉబ్బసానికి పీల్చే పఫ్ తెస్తానని లేవబోయాను. నా చెయ్యి పట్టుకుని, ముందు అది తీసెయ్ సుబ్బూ, ఎవరైనా చూస్తారు అన్నారు. ఆయన మాట ఏనాడూ కాదనలేదు. కుంపటి పట్టుకుని బయటికొచ్చాను. గేటు దగ్గర జాన్ బాషా దగ్గుతూ నిలబడి ఉన్నాడు. చూస్తాడని క్రోటన్ల వెనక కూర్చుండిపోయాను. చెయ్యి కాలుతున్నా కూర్చున్నాను. అతను ఎంతకీ కదల్లేదు. వెళ్ళాక ఇంట్లోకి పరిగెత్తి పఫ్ తీసుకుని తిరిగొచ్చేసరికి..."

చైతన్యకృష్ణ పెన్ను ఆగిపోయింది. ఇమ్మానియేలు తల దించుకున్నాడు. నేను ఎటు చూడాలో తెలియక కుంపటి వైపు చూశాను.

జాన్ బాషా జీపులోంచి దిగాడు. కుంపటి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గేటు దగ్గరే ఉన్నా కదమ్మా," అన్నాడు. "ఒక్క కేక వేస్తే వచ్చేవాణ్ణి కదా."